నలభై బుడగలు

కప్పగల్లు,
8 ఆగస్టు 2009

డెబోరా నాన్నకు,

మీ యూనీస్ వందనాలు. ఇంట్లో ఫోను మీ అమ్మ మంచం పక్కనే ఉంటుంది, అందుకే ఈ ఉత్తరం మీ తోటి డ్రైవరు తాయప్ప లారీలో పంపుతున్నాను. రేవులో ఖనిజం దించేదాకా ఎలాగూ వారం పడిగాపులే కదా, తీరిగ్గా చదవండి.

మన పాప డెబోరా కుడిచేయి సంగతి. నాకు బడిలో సెలవు దొరకదని వారానికి రెండుసార్లు మీ అమ్మే ఆస్పత్రికి తీసుకెళ్తోంది. అక్కడ టీవీ ముందు నిలబెడతారు. చిన్న కెమెరా పాపను పట్టి తెరమీద చూపిస్తుంది, చుట్టూ రంగు బుడగలు. చేయి ఎత్తి తాకితే పగులుతాయి. పుట్టుకలో నరాలు దెబ్బతిన్న చేతిని ఆటకోసమైనా ఎత్తుతారని ఆ ఏర్పాటు. రెండు నెలలుగా ప్రతిసారీ నలభై బుడగలు. ఆ లెక్క రాసిచ్చే చీటీలు మీ అమ్మ వీధంతా చూపించింది. ఇంట్లో చూస్తే చేయి భుజం దాకా రాదు. వ్యాయామం చేయించే పరశురామ్‌ను అడిగితే, "ఈడ బాగా చేస్తాదక్కా. ఇంట్లో సుమ్మనే, ఉత్త సోమరితనం" అన్నాడు. అది నమ్మి పోయిన ఆదివారం పాపను కొట్టాను, రిబ్బను అందుకోమంటే ఎడంచేయి చాపిందని. అది ఏడవలేదు. అవ్వ వైపు చూసి ఊరుకుంది.

నిన్న సెలవు పెట్టి, చెప్పకుండా ఆస్పత్రికి వెళ్ళాను. తలుపు అద్దంలోంచి చూశాను. పరశురామ్ అటు తిరిగి ఇంకో పాపకు పట్టీ కడుతున్నాడు. మీ అమ్మ మన పాప వెనక నిలబడి, మోచేయి కింద చేయి పెట్టి లేపుతోంది. బుడగలు టపటపా పగులుతున్నాయి. ఎవరి బలమో కెమెరాకేం తెలుసు?

వచ్చే శుక్రవారం బెంగళూరు నుంచి పెద్ద డాక్టరు వస్తాడు. ఆపరేషను ఎవరికి చేయాలో ఆ చీటీలు చూసే తేలుస్తాడు. నలభై చూస్తే మన పాప పేరు కొట్టేస్తాడు. ఆలస్యమయ్యేకొద్దీ ఫలితం తగ్గుతుందట.

ఐదేళ్ళుగా దిగమింగుకున్న మాట రాసేస్తున్నాను. ఖనిజం లారీలు రోడ్డంతా నిలిచిపోయి పాప పుట్టిన పొద్దు అంబులెన్సు కదల్లేదు. ఆ వరుసలో మీ లారీ కూడా ఉంది. మిషన్ ఆస్పత్రిలో ముప్పయ్యేళ్ళు పనిచేశానన్న ధైర్యంతో మీ అమ్మ ఇంట్లోనే కాన్పు చేసింది. పాపను లాగింది ఆమే. ఇప్పుడు లేపుతున్నదీ ఆమే. నాకు విసుగొచ్చేసింది. డాక్టరుకు అన్నీ చెప్పి, పాపతో తెక్కలకోట మా అమ్మ దగ్గరికి పోతాను. మీరు సర్దిచెప్పడానికి రావద్దు.

యూనీస్


కప్పగల్లు,
16 ఆగస్టు

నామీద కోపంగా ఉన్న మా ఇంటాయనకు,

తెక్కలకోట పోలేదు. శుక్రవారం డాక్టరు చీటీలు తిరగేసి, "బాగుందే, ఆపరేషను అక్కర్లేదు" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మీ అమ్మ లేచింది.

"ఆ నలభై నావి సార్. నేనే పట్టి లేపుతాంటి."

"ఎందుకమ్మా అలా?"

"ఈ చేయి పడిపొయ్యింది నా చేతల్లోనే. తల బయటికొచ్చె, భుజం ఇరుక్కుండె, బిడ్డ నల్లబడతాండె. లాగినా. ఆ చేయి లేసేది సూసి కన్నుమూద్దామనుకున్యా."

"లాగకపోతే ఏమయ్యేది?" అని అడిగాడు డాక్టరు. జవాబు నాకు తెలుసు. నీలంగా పుట్టిన పాప నోట్లో మీ అమ్మ ఊపిరి ఊదడం నేను కళ్ళారా చూశాను. ఆ ముక్క మీకు పోయిన ఉత్తరంలో రాయలేదు. రాస్తే నా కోపం నిలవదని రాయలేదు.

డాక్టరు మళ్ళీ ఆడించాడు. మీ అమ్మ రెండు చేతులూ కొంగులో చుట్టుకుని గోడకు ఆనుకుంది. పాప పళ్ళు బిగించి, చెమటలు కక్కి, నాలుగు బుడగలు పగలగొట్టింది. "అవ్వా, నాలుగూ నావే" అంది. పేరు ఆపరేషను జాబితాలో రాశారు. సెప్టెంబరు పదకొండు. లారీ ఎక్కడ ఉంటే అక్కడ వదిలి బస్సెక్కి రండి.

వచ్చేటప్పుడు బస్సులో పాపను అడిగాను, నేను కొట్టినప్పుడు అవ్వ సంగతి ఎందుకు చెప్పలేదని.

"చెప్తే నువ్వు అవ్వను కూడా కొడతావని" అంది.

పక్క సీట్లో మీ అమ్మ విన్నది. చేతులు ఇంకా కొంగులోనే ఉన్నాయి. పాప నిద్రపోయాక నేనే కొంగు విప్పి, దాన్ని ఆ చేతుల్లో పెట్టాను.

మీ
యూనీస్