నాలుగంగుళాల తేడా

ఫిబ్రవరి 6

చేతుల నిండా బొబ్బలు. ఇరవై రెండేళ్ళు కుట్టుమిషన్ తొక్కినా రానివి, రెండు రోజుల పార పనికే వచ్చేశాయి. మా ఆయనకు చూపిస్తే తనవి చూపించాడు. ఆయనవే పెద్దవట. ఇందులో కూడా పోటీయే.

ఈ స్థలం మూడు కుటుంబాలం కలిసి కొన్నాం. మేమిద్దరం, మేస్త్రి దంపతులు, పెళ్ళి మాటెత్తితే పారిపోయే వడ్రంగి. ఒక్కొక్కరి ఇల్లూ అందరం కలిసి కట్టాలని ఒప్పందం. చీటీ తీస్తే మొదట మాది వచ్చింది, తర్వాత మేస్త్రిది. అప్పటిదాకా అందరం ఒకే రేకుల షెడ్డులో. మా ఆయన జీవితమంతా బస్సు నడిపాడు. మేకు కొట్టమంటే వేలు చితక్కొట్టుకుంటాడు. అయినా మళ్ళీ సుత్తి పట్టుకుంటాడు, మొండిఘటం. నాకు మొండివాళ్ళంటే ఇష్టం. నాకు నేనూ ఇష్టమే మరి.

ఫిబ్రవరి 9

పునాదికి ముగ్గు పోశాం. ముందు గోడ, ఎడమ గోడ మేస్త్రి కొలిచి గీతలు గీశాడు. ఇంతలో కూతురికి ఒంట్లో బాగాలేదని ఫోన్. సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు, స్టీలు టేపు ఆ సంచీలోనే ఉండిపోయింది. కుడి గోడ మిగిలింది. పదిహేను అడుగులు.

రేపు చూద్దామన్నాడు వడ్రంగి. రేపెందుకు, నా టేపు మెడలోనే ఉందిగా అన్నాను. గోడంటే జాకెట్టు కాదమ్మోయ్ అన్నాడు. ఆడవాళ్ళు కొలతలిచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టి మోసం చేస్తారు, గోడకు ఆ తెలివి ఎక్కడిది అన్నాను. మూడుసార్లు టేపు వేసి గీత గీసేశాను.

సాయంత్రం మేస్త్రి వచ్చి సరిగ్గా కొలిచావా చెల్లెమ్మా అని అడిగాడు. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్నది ఇదే కదా అన్నయ్యా అన్నాను. అంతే. మళ్ళీ కొలవలేదు. నా మాట మీద గునపం దించాడు. ఇంత గర్వం నా పెళ్ళిలో కూడా పడలేదు.

మార్చి 2

గోడలు నా నడుము దాకా వచ్చాయి. తనకింకా తొడల దాకానేనని మా ఆయన బడాయి.

మార్చి 27

గోడలు పూర్తి! మేస్త్రి నాకు ఇటుక పేర్చడం నేర్పాడు. వెనక గోడలో కిటికీ కింది నాలుగు వరుసలు నావి. మొదటి వరుస చూసి పాము పాకినట్టుందన్నాడు, విప్పించాడు. రెండోసారీ విప్పించాడు. మూడోసారి ఏమీ అనకుండా టీ తాగడానికి వెళ్ళిపోయాడు. ఆయన దగ్గర అదే ఫస్ట్ క్లాసు. పనున్నా లేకపోయినా అటు వెళ్ళి ఆ ఇటుకలు తడుముతున్నాను.

ఏప్రిల్ 8, మధ్యాహ్నం

దూలాలు ఎత్తాం. వడ్రంగి అన్నీ ఒకే పొడవు కోశాడు. ఎడమ చివరిది ముందు గోడ మీదా వెనక గోడ మీదా చక్కగా కూర్చుంది. కుడివైపు జరిగేకొద్దీ ప్రతి దూలం కాస్త కాస్త తగ్గుతూ వచ్చింది. చివరిది వెనక గోడ అంచు మీద వేలాడింది. ముట్టుకుంటే పడేలా ఉంది.

మేస్త్రి కొలిచాడు. కుడి గోడ దాదాపు నాలుగంగుళాలు ఎక్కువ. ఎడమ, కుడి గోడల కొసలు కలిపి కట్టిన వెనక గోడ మొత్తం ఏటవాలుగా పోయింది.

మేస్త్రి నేల మీద కూలబడ్డాడు. చెల్లెమ్మ కొలత తప్పదు, తవ్వేటప్పుడు గీత జరిపింది నేనే అని తనే తేల్చేశాడు. మూల తప్పితే మేస్త్రి కంటికి తెలియాలి, తెలియలేదంటే నా కళ్ళు పోయాయన్నమాట అన్నాడు. నలభై ఏళ్ళలో ఒక్క గోడ తప్పని మనిషి.

నేనే పెద్దమనసు చేసుకుని, పోనీలే అన్నయ్యా, అందరికీ జరిగేదే అన్నాను.

ఏప్రిల్ 9

కిటికీకి కర్టెన్ కొలుద్దామని వెళ్ళాను. అక్కడ మేస్త్రి స్టీలు టేపు పడి ఉంది. ఊరికే నాది దాని పక్కన పరిచాను. నా అరవై అంగుళాల దగ్గర దానిమీద అరవై ఒకటింబావు.

మళ్ళీ పరిచాను. మళ్ళీ. అరవై ఒకటింబావే.

గుడ్డ టేపు. లాగీ లాగీ సాగిపోయింది. ఒంటినీ దాంతోనే కొలిచాను, గుడ్డనూ దాంతోనే కొలిచాను. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కప్పేసుకున్నాయి, అందుకే ఇన్నేళ్ళలో ఒక్క జాకెట్టూ తేడా రాలేదు. గోడకు మాత్రం దొరికిపోయాను. పైగా పోనీలే అన్నయ్యా అట! నా మొహం.

ఏప్రిల్ 10

చెప్పలేదు.

వదిన, అంటే మేస్త్రి భార్య, బావురుమంది. ఆయన తిండి తినడం లేదట. తాపీ తీసుకెళ్ళి వడ్రంగికి ఇచ్చేశాడట. ఈ ఇళ్ళు ఎవరైనా కట్టుకోండి, నేనిక గోడ ముట్టను అన్నాడట. ఎవరో పనికి పిలవడానికి వస్తే గుడ్డివాణ్ణి పిలుస్తారేంటని పంపేశాడట. తాపీ లేకపోతే ఆయన ఏమైపోతాడే అంది. నేను ఆమె వీపు నిమిరాను. ఈ చేత్తోనే.

ఏప్రిల్ 11

బెల్లం కొట్టిన రాయిలా తిరిగాను. సిగ్గులేని మనిషిని.

ఏప్రిల్ 12

చెప్పేశాను.

పొద్దున అందరూ టీ తాగుతుంటే రెండు టేపులూ నేల మీద పక్కపక్కన పరిచాను. తప్పు నాది అన్నయ్యా, నీ కళ్ళకేం కాలేదు అన్నాను. మేస్త్రి వంగి రెండు టేపులనూ చాలాసేపు చూశాడు. ఎప్పుడు తెలిసిందని అడిగాడు. అటుమొన్న అన్నాను.

అప్పుడొచ్చింది కోపం. గోడ తప్పితే తప్పింది, గోడదేముంది అన్నాడు. మూడు రోజులు నన్ను గుడ్డివాణ్ణని ఏడవనిచ్చావు అన్నాడు. లేచి పొలం గట్టు మీదుగా వెళ్ళిపోయాడు. వదిన నావైపు చూడలేదు. వడ్రంగి కూడా, జోకు దొరికినా వెయ్యలేదు.

షెడ్డు వెనక కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. మా ఆయన వచ్చాడు. ఓదారుస్తాడనుకున్నాను. గునపం నా చేతికిచ్చి, ఏ చివర నుంచి మొదలుపెడదామన్నాడు.

ఏప్రిల్ 14

వెనక గోడ ఇద్దరమే విప్పుతున్నాం. ఇటుక పగలకుండా, ఒక్కొక్కటీ గీకి పక్కన పేరుస్తున్నాం. కిటికీ కింద నా నాలుగు వరుసలు ఓ పట్టాన ఊడలేదు. ఎంత గట్టిగా కట్టానో! ఏడుస్తూనే మా ఆయనకు చూపించుకున్నాను. చూశాను తల్లీ, ముందు కొట్టు అన్నాడు.

ఏప్రిల్ 16, ఉదయం

మేం లేచేసరికి మేస్త్రి గోడ దగ్గర ఉన్నాడు. చేతిలో తాపీ. వడ్రంగిని నిద్రలేపి మరీ లాక్కున్నాడట.

నాతో మాట లేదు. ఇటుకలతో మాట్లాడుతున్నాడు. కొంతమందికి రోషం ఎక్కువే, విప్పమనకుండానే విప్పేస్తారు అని ఒక ఇటుకకు చెప్పాడు. నేను ఇసుకతో, అవును, కొంతమంది అలిగితే ఇటుకలతోనే మాట్లాడతారు అన్నాను. వదిన పక్కున నవ్వింది. కిటికీ దాకా రాగానే మేస్త్రి పక్కకు జరిగి నిలబడ్డాడు. నాలుగు వరుసలూ నేనే పేర్చాను. ఒక్కటీ విప్పించలేదు.

మే 5

దూలాలన్నీ కూర్చున్నాయి. అన్నీ! పైకప్పు వేశాం. మా ఆయన కొట్టిన మేకులు పదమూడు, నేను దగ్గరుండి చూశాను, అన్నీ తిన్నగా దిగాయి. వేళ్ళు పదీ క్షేమం.

సాయంత్రం జల్లు పడింది. ఐదుగురం లోపల నిలబడి తల పైకెత్తి చూస్తూ ఉండిపోయాం. ఎక్కడా చుక్క రాలేదు. ఇది మా ఇల్లు. మా పది చేతుల ఇల్లు. ఎవరైనా దారిన పోతూ ఎవరు కట్టారని అడిగితే బాగుండును, ఇలా ఎదురుచూడటం సిగ్గే గానీ వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

మే 19, ఉదయం

మేస్త్రి ఇంటికి ముగ్గు. అందరం ఉన్నాం. దారం ఒక కొస తను పట్టుకుని, రెండోది నాకిచ్చాడు.

కదలకు చెల్లెమ్మా అన్నాడు.

కదల్లేదు.