పద్నాలుగో నంబరుకి పదికి రెండు

చిరంజీవి అమ్మడికి,

మామయ్య ఆశీస్సులు. కాలేజీ పిల్లలకి తమ చదివే శక్తి మీద ఎంత నమ్మకం ఉందో కొలిచే కొలబద్ద ఒకటి తయారుచేశాను. దాని గురించి సదస్సులో మాట్లాడమన్నారు మా ప్రిన్సిపాల్. ఇన్నేళ్ళ లెక్చరర్ ఉద్యోగంలో నన్ను మాట్లాడమన్నవాళ్ళు లేరు, ఆపమన్నవాళ్ళే. కాళ్ళు నేలమీద ఆనడం లేదు.

ఈ కాగితాలు మీ హాస్టల్లో నింపించు. "ఏ పుస్తకమైనా చదివి పూర్తిగా అర్థం చేసుకోగలను" అన్న మాటకి ఎవరికివారు పదికి ఎంతో వేసుకోవాలి. వెనకవైపు ఒక పేరా, దాని మీద పది ప్రశ్నలు ఉన్నాయి. పేర్లు వద్దు, కాగితం మీది నంబరు చాలు.

ఇట్లు,
మీ మామయ్య

తా.క. నాకు నేను పదికి పది వేసుకున్నాను. మీ అత్తయ్య పదకొండు వేసుకోమంది. అభిమానమో వెటకారమో తేలలేదు.

*

మామయ్యకి నమస్కారాలు.

కాగితాలు పంపుతున్నాను. అందరూ మెస్సు లైన్లో నిలబడే పదో తొమ్మిదో వేసేశారు. నా రూమ్మేటైతే వేశాక, "ఇంతకీ ఇది దేని గురించే?" అంది.

నేనే చాలాసేపు తన్నుకులాడాను. "ఏ పుస్తకమైనా" అన్నారు, పైగా "పూర్తిగా" అన్నారు. మా అకౌంట్స్ పుస్తకం మొదటి పేజీలోంచే నన్ను తరిమేస్తోంది. సిగ్గు చంపుకుని రెండు వేసుకున్నాను.

మీ మేనకోడలు

తా.క. ఆ రెండులో ఒకటి అట్ట మీద పేరు చదవగలిగినందుకు.

*

అమ్మడూ,

నీ ఉత్తరం పైపైన చూశాను, కాగితాలు ముందువైపు చూశాను. మిగతాదానికి తీరికేదీ? అన్నీ పదులూ తొమ్మిదులే! పద్నాలుగో నంబరు ఒక్కతే రెండు వేసుకుంది. అంత నమ్మకం లేని పిల్లకి కాలేజీ ఎందుకే? చదువు మానేసి ఇంట్లో కూర్చోమను. సదస్సులో ఆ పిల్లనే ఉదాహరణగా చెబుతాను.

మీ మామయ్య

తా.క. ఆ పిల్లతో స్నేహం తగ్గించుకో. అంటుకుంటుంది.

*

మామయ్యకి,

మీ సలహా పద్నాలుగో నంబరుకి అందింది. రెండు రోజులు ఏడ్చి, ఆఫీసుకెళ్ళి టీసీ కోసం అప్లికేషన్ తెచ్చుకుంది. గార్డియన్ సంతకం కావాలట. కాగితం దీంతో పంపుతున్నాను. దయచేసి చదివి, ఆలోచించి, అప్పుడు పెట్టండి.

మీ మేనకోడలు

తా.క. ఆ పిల్లకి వాళ్ళ మామయ్య మాటంటే వేదం. చిక్కంతా అక్కడే వచ్చింది.

*

అమ్మడూ,

సంతకం పెట్టి పంపుతున్నాను. నాకు సాయం చేశావని సర్టిఫికెట్టేగా? దీనికి ఆలోచించేదేముంది!

మీ మామయ్య

తా.క. సంతకం కింద ఆ మెలిక చూశావా? సదస్సు కోసమని కొత్తగా సాధన చేస్తున్నాను.

*

మామయ్యా,

పద్నాలుగో నంబరు నేనే. నా గార్డియన్‌గా మీరు మెలిక తిప్పింది నా టీసీ మీద. నాలుగు చీవాట్లు పెట్టి తిప్పి పంపుతారనుకున్నాను. నాకు చదువుకోవాలనే ఉంది. కానీ మీరే వద్దన్నాక ఇంకేముంది? సోమవారం కాగితం ఆఫీసులో ఇచ్చేస్తాను. పెట్టె సర్దుకుంటున్నాను.

మీ మేనకోడలు

తా.క. పుస్తకాలు పెట్టెలో పట్టడం లేదు. బుర్రలోనూ పట్టలేదు కాబట్టి వాటి తప్పేం లేదు.

*

నా తల్లీ,

నీ ఈ ఉత్తరం చివరిదాకా చదివాను. ఆ తర్వాత నీ పాత ఉత్తరాలూ మొదటిసారి చదివాను. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అప్పుడు కాగితాలు వెనక్కి తిప్పాను. పదులు వేసుకున్న మహానుభావులకి వచ్చినవి మూడూ నాలుగూ. నీకు తొమ్మిది! ఆ పోయిన ఒక్క మార్కు ఎలా పోయిందా అని పేరా మళ్ళీ మళ్ళీ చదివాను. నువ్వు రాసిందే ఒప్పు, నేను అనుకున్న జవాబే తప్పు. ఆ పేరా రాసింది నేనేనే అమ్మడూ! నేను రాసింది నాకే అర్థం కాలేదు, నీకు అర్థమైంది.

నమ్మకాన్ని కొలిచి చదువును కొలిచాననుకున్న వెధవని నేను. సదస్సులో ఈ మాటే చెబుతాను. నువ్వు చదువుకోవాలి. ఆ టీసీ చించెయ్యి. పోస్టులో వేస్తే సోమవారం దాటిపోతుందని బస్సెక్కి వచ్చేశాను. మీ హాస్టల్ గేటు దగ్గర కూర్చుని రాసి, లోపలికి పంపిస్తున్నాను.

నీ బుద్ధిలేని మామయ్య

తా.క. తొందరగా కిందికి రా. "మగవాళ్ళకు ప్రవేశం లేదు" అని గేటు మీద ఇంత పెద్ద బోర్డు ఉందట. నేను చూడకుండా లోపలికి నడిచాను. వాచ్‌మన్ నా కాలరు వదలడం లేదు.