తొమ్మిదో గేటు రిజిస్టరులో నేను రాసిన ‘లేరు’

కారిడార్ ప్రాజెక్టు ప్రత్యేకాధికారి గారి సముఖమునకు,
తొమ్మిదో నంబరు రైల్వే గేటు కాపలాదారు పెట్టుకుంటున్న అర్జీ.

అయ్యా,

విషయం: పందొమ్మిదేళ్ళుగా నేను రాసిన లెక్క తప్పని ఒప్పుకుంటూ, గోడ పూర్తయ్యేలోపు నడక వంతెన మంజూరు చేయవలసిందిగా కోరుట గురించి.

1. ఓడరేవు నుంచి సరిహద్దు దాటి పోయే సరుకు రైళ్ళ కోసం పట్టాలకు ఇరువైపులా కాంక్రీటు గోడ కడుతున్నారు. నా గేటు దగ్గర మాత్రం మూడు గజాల సందు మిగిలింది. ఈ నెల ఇరవై రెండున దాన్నీ మూసేస్తామని మేస్త్రీ చెప్పాడు. ఆ తర్వాత అవతలి పేటవాళ్ళు ఆస్పత్రికి రావాలంటే ఏడు కిలోమీటర్లు చుట్టి రావాలి.

2. ఈ రైలు దారికి మొదట ఒక దేశం అప్పిస్తామంది. వాళ్ళ సర్వేయర్లు వచ్చి, గేటు దాటేవాళ్ళ లెక్క రాసే నా రిజిస్టరు నకలు తీసుకుపోయారు. ఆ దేశమంటే గిట్టని ఇంకో దేశం, వాళ్ళను తప్పించి మేమే కడతామంది. వీళ్ళూ వచ్చి అదే రిజిస్టరు నకలు తీసుకుపోయారు. పట్టాల వెడల్పు మొదలు సిమెంటు రకం దాకా ఆ రెండు దేశాలకూ దేనిలోనూ పొసగలేదని పత్రికలో చదివాను. ఒక్కదానిలో పొసగింది. తొమ్మిదో గేటు దగ్గర మనుషులు నడవరు కాబట్టి వంతెన అక్కర్లేదు. ఇద్దరికీ ఆధారం నా చేతిరాతే.

3. రిజిస్టరులో చివరి గడి పాదచారులది. మా గేటు దాదాపు ఎప్పుడూ వేసే ఉంటుంది. నడిచేవాళ్ళంతా గేటు కమ్మీ కింద వంగి దూరేవాళ్ళే. వాళ్ళను రాస్తే, ఎందుకు ఆపలేదని నా ఉద్యోగానికే ఎసరు. అందుకని ఆ గడిలో రోజూ ‘లేరు’ అని రాశాను.

4. నేను బడికి పోలేదు. పాత రిజిస్టర్లు చూసి చదవడం, రాయడం నేర్చుకున్నాను. లెక్క వదిలేస్తే మనసు ఊరుకోదు. అసలు సంఖ్య ఇంట్లో నోటుబుక్కుల్లో రోజూ రాసుకున్నాను. ఏడాదికొకటి చొప్పున పందొమ్మిదీ జతచేస్తున్నాను. మొన్న మంగళవారం నాలుగు వందల ముప్పై ఒక్క మంది. సర్వేయర్లు వచ్చిన రోజున ఇవి బీరువాలోనే ఉన్నాయి. నేను నోరు విప్పలేదు.

5. మా అక్క అవతలి పేటలో ఉంటుంది. నా భార్య పోయినప్పటి నుంచి మధ్యాహ్నం క్యారేజీ ఆమే తెస్తుంది. బావను వారానికి మూడుసార్లు చెయ్యి పట్టుకుని ఈ దారినే ఆస్పత్రికి నడిపిస్తుంది. వంతెన ఎందుకు కట్టరని అడిగితే మేస్త్రీ ఆమెకు నా రిజిస్టరు సంగతి చెప్పాడు.

“ఏరా, ఇన్నేళ్ళూ నీ ముక్కు ముందు నుంచే కదరా వంగి వచ్చాను? నన్నెక్కడ రాశావు?”

“రాయకూడదక్కా. రూలు.”

“మరి లేని మనిషి వండిన అన్నం ఎలా దిగిందిరా నీకు?”

ఆ మర్నాటి నుంచి క్యారేజీ రాలేదు.

6. కనుక నా రిజిస్టర్లను అబద్ధపు సాక్ష్యంగా కొట్టివేయాలి. నాపై చర్య తీసుకోండి, ఎదురు చెప్పను. వంతెన వచ్చేదాకా ఆ సందు మూయించకండి.

జతచేసిన నోటుబుక్కుల్లో ఏదో ఒక పుట తెరిచి చిత్తగించవలెనని వేడుకుంటూ,

తప్పు లెక్క రాసిన తమ విధేయుడు,
తొమ్మిదో గేటు కాపలాదారు.

తా.క.: ఇది మడుస్తుండగా అక్క, బావ వచ్చారు. గేటు వేసి ఉంది. నావైపు చూడకుండా కమ్మీ కింద వంగి దాటారు. వాళ్ళను ఆగమని, రిజిస్టరులో చివరి గడి నింపి, పైకి చదివాను: “పాదచారులు ఇద్దరు. గేటు వేసి ఉండగా, నేను చూస్తుండగా.” “సందు మూసేశాక, ఇరవై మూడో తారీఖున ఏం రాస్తావురా?” అంది అక్క. ఆ మాట తమరినే అడుగుతున్నాను.