ఇరవై అడుగుల ఏడుపు

మార్చి 4
డైరెక్టర్‌గారు చివరికి తేల్చారు. స్టేజి వెనక తెరంతా ఒకే ముఖం కావాలట. ఏడుస్తున్న ఆడమనిషి. పాప్ ఆర్ట్ స్టైల్, కామిక్ పుస్తకంలో బొమ్మలాగ. పసుపు జుట్టు, ఎర్ర పెదవులు, బుగ్గల నిండా గులాబీ చుక్కలు, చుట్టూ లావుపాటి నల్లగీత. ఇరవై అడుగుల ఎత్తు. నాటకమేమో కామెడీ. హీరో అబద్ధం చెప్పినప్పుడల్లా కన్నీటిబొట్టులో బల్బు వెలగాలి. అదిరిపోతుంది సార్ అన్నాను.

మార్చి 6
మూడు స్కెచ్‌లు చూపించాను. మూడూ బొమ్మల ఏడుపులే, మనిషి ఏడుపు కావాలమ్మా అన్నారు.
నా ఫోన్‌లో ఒక ఫోటో ఉంది.

మార్చి 7
ఇక్కడైనా నిజం రాయాలి. బావ వదిలేసి వెళ్లిన మర్నాడు పొద్దున అక్క ఇంటికి వెళ్లాను. తలుపు తీసే ఉంది. అక్క వంటింట్లో గోడకు చేరగిలబడి ఏడుస్తోంది. నన్ను చూడలేదు. కిటికీ వెలుతురు సగం ముఖం మీదే పడుతోంది. వెళ్లి పక్కన కూర్చోవాల్సినదాన్ని. ఫోటో తీశాను. చప్పుడు కాకుండా మెట్లు దిగి వచ్చేశాను. సాయంత్రం ఫోన్ చేసి, అప్పుడే తెలిసినట్టు అయ్యో అన్నాను.
ఎనిమిది నెలలైంది. డిలీట్ చేయలేదు.

మార్చి 15
చుక్కలు పూర్తయ్యాయి. రేకుకు చిల్లులు కొట్టించి, స్పాంజితో ఒక్కొక్కటీ అద్దాను. జుట్టు మారింది, రంగు మారింది. ఎవరూ పోల్చలేరు. అక్క కనుబొమలోని గాటు మాత్రం ఉంచేశాను. అది తీస్తే ముఖంలో ప్రాణం పోతోంది. డైరెక్టర్‌గారు నిచ్చెన కింద నిలబడి చప్పట్లు కొట్టారు.

మార్చి 21
మొదటి షో. హౌస్‌ఫుల్. బల్బు వెలిగింది. నాలుగొందలమంది పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను.

మార్చి 22
అక్క టికెట్ కొనుక్కుందట. ఎల్లుండి మాట్నీకి. మా చెల్లి వేసిన తెర అని తను పనిచేసే బ్యాంకులో అందరికీ చెప్పిందట.

మార్చి 23
ఆ గాటు పూడ్చేయనా అని అడిగాను. పోస్టర్‌లో ఉన్నదీ అదే ముఖం, చెయ్యి పెడితే ఊరుకోనన్నారు డైరెక్టర్‌గారు. నిజానికి నేనూ గట్టిగా అడగలేదు.

మార్చి 24, మధ్యాహ్నం 2
మూడో వరుసలో అక్క. తెర మీద లైట్లు పడ్డాయి. అక్క చెయ్యి తన కనుబొమ మీదికి వెళ్లింది.

సాయంత్రం 6
హాలు ఖాళీ అయినా అక్క లేవలేదు. వెళ్లి పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. కోప్పడలేదు. బొమ్మ గురించి అడగలేదు, నవ్విన జనం గురించీ అడగలేదు. ఆ రోజు నువ్వు వచ్చావా అంది. వచ్చానన్నాను. ఎంతసేపున్నావే అంది. రెండు నిమిషాలన్నాను. హ్యాండ్‌బ్యాగ్ జిప్పు తీసింది, మూసింది. నువ్వొస్తావేమోననే గడియ పెట్టుకోలేదే అంది.

మార్చి 25
అక్క ఫోన్ ఎత్తడం లేదు. ఫోటో డిలీట్ చేశాను. ఒరిగిందేమీ లేదు.

మార్చి 29
షో లేని రోజు చూసి నిచ్చెనెక్కాను. గాటు పూడ్చేశాను. డైరెక్టర్‌గారు చూసి, ఇక వేరే ఆర్టిస్టును చూసుకుంటానన్నారు. చూసుకోండి సార్ అన్నాను.

ఏప్రిల్ 2
పొద్దున ఏడింటికి అక్క ఫోన్. హలో అనలేదు. ఏడుస్తోంది. నేను వింటూ కూర్చున్నాను. పెట్టేయలేదు. గంటా పది నిమిషాలు.