తెల్లకాగితం ముందు పెట్టిన సీసా

చిన్నా,

నీకు అక్క ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ బావా క్షేమం. అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను అని రాయాలి గానీ, నీ ఒంటి సంగతి తెలిసి అలా రాస్తే నాకే నవ్వొస్తుంది. కాబట్టి మరదలూ పాపా క్షేమమని తలుస్తాను. నువ్వు మాత్రం ఓపిక పట్టి ఉన్నావని తలుస్తాను.

మొన్న ఫోనులో నువ్వు మందు మాట ఎత్తగానే, అన్నీ ఉత్తరంలో రాస్తానని పెట్టేశాను. నువ్వు చిన్నబుచ్చుకున్నావని మరదలు చెప్పింది. కోపం తెచ్చుకోకు. నీ గొంతు వింటూ చెప్పగలిగే సంగతి కాదది. ఈరోజు సెలవు, మీ బావ బజారుకి వెళ్ళారు, ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. తీరిగ్గా రాస్తున్నాను, నువ్వు కూడా తీరిగ్గా చదువు.

నీ ఉత్తరం అందింది. నీ అక్షరాలు ఎప్పుడూ మిషను మీద కుట్టినట్టు వరసగా ఉండేవి. ఈసారి రెండో పేజీకి వచ్చేసరికి వంకర పోయాయి. వేళ్ళు నొప్పి పుడుతున్నాయని నువ్వు రాయలేదు, నీ అక్షరాలే చాడీ చెప్పాయి. చొక్కా మళ్ళీ విప్పి వదులు చేసుకున్నానని మాత్రం గొప్పగా రాశావు. అందరి కొలతలూ తీసే దర్జీకి సొంత కొలతే నిలవడం లేదన్న నీ జోకుకి మీ బావ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత వంటగదిలోకి వెళ్ళి కాసేపు ఊరికే నిలబడ్డాను. అది తిండికి పెరిగిన పొట్ట కాదని, లోపల ప్లీహం ఉబ్బుతోందని తెలిసినదాన్ని కదా. పాత మందు మీ ఆసుపత్రికి రావడం మానేసినప్పటి నుంచీ నీ చొక్కాల లెక్కే నాకు నీ ఒంటి లెక్క.

ముందు పాప ప్రశ్న. ఆకుల మందు ఎక్కిస్తే నాన్న ఆకుపచ్చగా అయిపోతాడా అని అడిగింది, బొమ్మ కూడా వేసి పంపింది. అవ్వడని చెప్పు. కానీ బొమ్మలో నీ చెవుల్లోంచి మొలకలు రావడం నాకు భలే నచ్చింది. దాన్ని పనిచేసే చోట నా బల్ల ముందు అంటించాను. ఎవరీయన అని వచ్చినవాళ్ళందరూ అడుగుతున్నారు. మా తమ్ముడు, ఇంకా పూతకి రాలేదు అని చెప్తున్నాను.

ఇక నీ వెటకారం. అంత చదువు చదివి ఆకులు రుబ్బుకోవడమేమిటక్కా అన్నావు. రుబ్బేది నేను కాదు బాబూ, యంత్రం. అయినా చెప్తా విను. ఒంట్లో పాత చెత్తని కరిగించే పదార్థం ఒకటి అందరికీ తయారవుతుంది. నీ ఒంటికి అది చేతకాదు. అందుకే ఆ చెత్త నీ ప్లీహంలోనూ ఎముకల్లోనూ పేరుకుపోతోంది. ఆ పదార్థాన్ని ఎలా చెయ్యాలో చెప్పే జన్యువుని మావాళ్ళు ఒక మొక్కలో పెట్టారు. మొక్క పాపం అమాయకురాలు. తనకోసం కాదని తెలియక, ఆకు నిండా చేసిపెడుతుంది. కానీ ఆకులో అదొక్కటే ఉండదు కదా. వేల రకాల ప్రోటీన్లు, పచ్చరంగు, పీచు, జిగురు, అన్నీ కలగాపులగం. రైలు దిగిన గుంపులోంచి మనవాణ్ణి వెతికి బయటికి తెచ్చుకున్నట్టు, అందులోంచి నీకు కావలసిన ఒక్కదాన్ని విడదీసి తేవడమే నా ఉద్యోగం. నన్నడిగితే మొక్క పనే తేలిక.

ఆకు పొద్దున్నే కోసి చల్లగదికి చేరుస్తారు. చల్లని ఉప్పునీళ్ళు పోసి రుబ్బుతారు. ఆ పూట గదంతా కోసిన పచ్చగడ్డి వాసన. రసాన్ని వడకట్టి, గిర్రున తిప్పి, మడ్డి దింపేసి, చివరికి నా గాజుగొట్టంలోకి పంపుతారు. గొట్టం నిండా ఇసుకకన్నా సన్నని తెల్లపూసలు. అవి మనకు కావలసినదాన్ని గట్టిగా పట్టుకుంటాయి, మిగతాదంతా కిందికి జారిపోతుంది. ఆ తర్వాత కడుగు. నీకు కడుగు అంటే గిన్నెలు కడగమని మరదలు పెట్టే కేక. మాకు అదొక వస్తువు. ఒక కడుగు, మరో కడుగు, ఇంకో కడుగు అని లెక్క. ఎంత కడిగితే అంత శుభ్రం, కానీ ప్రతి కడుగులోనూ అసలుది కూడా కాస్త జారిపోతుంది. ఎక్కడ ఆపాలో తెలియడమే ఈ పనిలో ఒడుపు. ఆఖర్న ఉప్పునీళ్ళు మార్చి పోస్తే పూసలు పట్టు వదిలేస్తాయి, అసలుది దిగుతుంది. బండెడు ఆకుకి బొటనవేలంత సీసా. అది కూడా చూడ్డానికి అచ్చం మంచినీళ్ళలా ఉంటుంది. ఇంత చాకిరీ చేసి మంచినీళ్ళా తీశాం అని కొత్తలో నాకు ఏడుపొచ్చేది.

మందు తీసుకునేవాళ్ళలో నువ్వున్నావని మా పై అధికారి మేడమ్‌కి మొదట్లోనే చెప్పేశాను. అందుకే మందు బయటికి పంపొచ్చని పెట్టే ఆఖరి సంతకం నాకు అప్పజెప్పలేదు, పూసల పని వరకే నాది. దొంగచాటు వ్యవహారమేమీ లేదు, నువ్వు కంగారు పడకు.

ఇక నీ ఆఖరి ప్రశ్న. ఇంతసేపూ పాప బొమ్మా పూసలూ అంటూ దాన్ని దాటేస్తున్నానని నీకీపాటికి అర్థమయ్యే ఉంటుంది. ఈ నెల రావలసిన మందు ఎందుకో ఆగిపోయిందని మీ డాక్టరుగారు చెప్పారని రాశావు. అది మా దగ్గర ఎవడో మొద్దావతారం వెలగబెట్టిన నిర్వాకం అయ్యుంటుందని, వాణ్ణి కనుక్కుని నీ తరఫున నాలుగు చీవాట్లు పెట్టమని రాశావు. కనుక్కున్నాను. చీవాట్లూ పెట్టాను. ఆ మొద్దావతారం నేనే చిన్నా.

ఈ నెల మందుకని ఆకు కోసిన రోజు, దాన్ని తెచ్చే బండి దారిలో చెడిపోయింది. ఆకు చల్లగదికి చేరేలోగా ఎండకి వాడింది. కోసిన వంకాయ కాసేపటికి నల్లబడుతుందే, ఆకు సంగతీ అంతే. నలిగిన చోట ముదురు రంగొకటి పుడుతుంది. అది మన పదార్థానికి అంటుకుందంటే ఎన్ని కడుగులిచ్చినా వదలదు. మామూలుకన్నా ఎక్కువే కడిగాను. మందు పరీక్షలన్నీ నెగ్గింది, అంకెలన్నీ హద్దులోనే ఉన్నాయి. మర్నాడు పొద్దున్న సీసాలు వరసగా పెట్టెలో సర్దారు. వాటిలో ఏది నీదో తెలియదు, ఒకటి నీదని మాత్రం తెలుసు.

సీసాని తెల్లకాగితం ముందు పెట్టి చూడడం మా అందరికీ అలవాటు. పెట్టి చూశాను. మంచినీళ్ళలా లేదు. టీ తాగిన గ్లాసులో నీళ్ళు పోసి తిప్పితే ఎంత రంగు వస్తుందో, అంత. ఉందంటే ఉంది, లేదంటే లేదు.

అది ఇంకెవరి మందో అయితే అప్పటికప్పుడు కేకేసి చెప్పేదాన్ని. నీది కాబట్టి నోరు పెగల్లేదు. కాగితం మార్చి చూశాను, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. తప్పు వెలుతురుదేమో అనుకున్నాను, నా కళ్ళదేమో అనుకున్నాను. నువ్వు మెట్లెక్కుతూ సగంలో కూర్చుండిపోయావని, పాప నీ పక్కనే కూర్చుని కబుర్లు చెప్పిందని మరదలు చెప్పిన మాటే చెవిలో తిరుగుతోంది. అన్నం ముట్టలేదు. సాయంత్రం పెట్టెలు కట్టే మనిషి వచ్చాడు.

"అయిపోయినట్టేనా అమ్మా? మూసెయ్యనా?" అన్నాడు.

"ఆగు" అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి నాకు పొద్దంతా పట్టింది.

మేడమ్ వచ్చారు. సీసా పైకెత్తి చూసి, "నాకేం కనబడట్లేదే. అంకెలన్నీ బాగానే ఉన్నాయిగా?" అన్నారు.

"కాగితం ముందు పెట్టి చూడండి మేడమ్."

చాలాసేపు చూశారు. "ఇది ఆపితే మళ్ళీ మొక్కల దగ్గర్నుంచి రావాలి. మీ తమ్ముడు కూడా ఉన్నారు కదా ఇందులో. ఇంకోసారి ఆలోచించుకుంటారా?"

"పొద్దున్నుంచీ అదే పనిలో ఉన్నానండీ. వాడు నా తమ్ముడు కాకపోతే పొద్దున్నే చెప్పేసేదాన్ని" అన్నాను. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి, పెట్టెని బయటికి వెళ్ళనివ్వకుండా వెనక్కి పంపించేశారు.

పెద్ద పరీక్షకి పంపారు. జవాబు వచ్చింది. ఏదో అంటుకుని ఉందట, అది మనిషి ఒంట్లో ఏం చేస్తుందో చెప్పలేమన్నారు. చెడ్డదనీ అనలేదు, పరవాలేదనీ అనలేదు. బహుశా నీకేమీ అయ్యేది కాదేమో. ఈపాటికి మెట్లు గబగబా ఎక్కుతూ ఉండేవాడివేమో. అది ఎప్పటికీ తెలియదు. నేను ఆపినందుకు, మరో పంట ఎదిగేదాకా నీ నొప్పి నీతోనే ఉంటుందన్నది మాత్రం ఖాయం. ఈ రెండూ తెలిసే ఆపాను.

కొత్త మొక్కలు చెయ్యెత్తు ఎదిగాయి. మళ్ళీ మొదటి కడుగు నుంచీ చెయ్యాలి, అందుకే నేను రాలేను. వచ్చే వారం మీ బావ వస్తున్నారు, మందు వచ్చేదాకా అక్కడే ఉంటారు. ఆయనకి కుట్టుపని బొత్తిగా రాదు. గుండీలు కుట్టడం నేర్పు, బరువులు మోయించు, మరదలికి కాస్త నిద్ర దొరకనివ్వు. వేళ్ళ నొప్పి సంగతి డాక్టరుగారికి చెప్పు. నువ్వు చెప్పకపోతే మీ బావ చెప్తారు, ఆయనకి ఆ పని అప్పజెప్పాను.

నాకు కోపం లేదక్కా అని మాత్రం వెంటనే రాసెయ్యకు. ఉంటే ఉందని రాయి. ఎముకలు సలిపి నిద్ర పట్టనప్పుడు, మొహం తెలియని మొద్దావతారాన్ని తిట్టుకుంటే ఏం సుఖం? నన్నే తిట్టుకో, నోరారా తిట్టుకో, నేను పడతాను. నిన్ను ఇంకొన్నాళ్ళు నొప్పితో ఉంచగలిగాను గానీ చిన్నా, నా అనుమానాన్ని నీ నరంలోకి ఎక్కించలేకపోయాను.

ఇట్లు,
నీ మందు ఆపిన
అక్క