పిచ్చుక పన్ను తోమమన్నది ఎవరు

అక్కా, నేను బాగానే ఉన్నాను, నీ గురించే బెంగ.

మెట్ల మీద పడి మీ పిల్ల పిచ్చుకకు ఊడిన ముందుపన్నును, డాక్టరు మళ్లీ పెట్టేలోపే నువ్వు బ్రష్షుతో తోమి పాడుచేశావని బావ ఇంకా సాధిస్తున్నాడటగా. పన్ను వేరు మీద పల్చటి పొర ఉంటుంది. పన్నును ఎముకకు కట్టి ఉంచేది అదే, తోమితే గీరుకుపోతుంది. అందులోని కణాలు కొలాజెన్ అనే నార పేనుతుంటాయి. కొన్ని ప్రొటీన్లు వచ్చి వాటికి 'పేను' అని కబురు చెబుతాయి, కొన్ని 'తెంచు' అంటాయి. ఆ కబుర్లు కనిపెట్టడమే ఇక్కడి ల్యాబులో నా ఉద్యోగం.

ఈమధ్య నేను గట్టిగా గీకడంతో ఒక గాజు పళ్లెంలో ఆ కణాలు దాదాపు చచ్చిపోయాయి. పారేయబోతుంటే మా మేడం చెయ్యి పట్టుకున్నారు. "తొందరపడకమ్మా, పేనమని చెప్పే ప్రొటీన్ వేసి నాలుగు రోజులు చూడు" అన్నారు. ఐదో రోజు ఒక అంచున సన్నటి నార కనబడింది. ఒక్క అంచునే. పిచ్చుక పన్నుకూ అలాగే అవుతుందని మాటివ్వలేను.

డాక్టరు కట్టిన తీగ తీసేదాకా పన్నును నాలుకతో కదపనివ్వకు. మెత్తటి తిండే పెట్టు. వంటింటి కుళాయి బాగుచేయించావా? నా పాత స్వెట్టరు పంపు.

ఆ రోజు నువ్వు ఫోనులో "ఏం చెయ్యనే?" అని ఏడిస్తే, "మట్టి పోయేలా శుభ్రంగా తోము" అన్నది నేనే. రోజూ ఆ పొరతోనే బతికేదాన్ని, కంగారులో నోరు జారాను. నువ్వేమో ఇన్నాళ్లూ నా పేరెత్తలేదు.

పిచ్చుకకు పిన్ని ముద్దులు. కవరు కాకుండా కార్డు రాసింది, నీకంటే ముందు బావ చదవాలనే.

నీ చెల్లెలు