గాజుపెట్టెలో నా జాడీ

హేచాన్ జిల్లా అధికారి గారి సముఖమునకు, సోల్‌మోక్ గ్రామ నివాసి, కీర్తిశేషులు నామ్‌గుంగ్ చోల్ భార్య గూ బున్‌సున్, వయస్సు ఎనభై మూడు, ఇంట నేనూ నా కోడలూ ఇద్దరమే, నోట చెప్పి రాయించిన అర్జీ.

అయ్యా,

విషయం: సినీ దర్శకుడు, నవలాకారుడు ప్యో సంగ్యూ పేరిట తమరు కట్టించిన ప్రదర్శనశాల నుండి నా సోయా సాసు జాడీ తిరిగి ఇప్పించుట గురించి.

1. సదరు సంగ్యూ మా పక్కింట పెరిగినవాడు. ఆరు సినిమాలు, మూడు నవలలు, పరదేశాల బహుమతులు అని తమరు రాతిమీద చెక్కించినారు. నాకు చదువు రాదు, కోడలు చదివి వినిపించింది. ప్రతి కథలోనూ ఒక తల్లి సాసు జాడీని కౌగిలించుకొని ఏడుస్తుందట. వాడి తల్లికి ఏడ్చే తీరిక ఎక్కడిది? చేపల తట్ట నెత్తిన పెట్టుకొని ఊరూరా తిరిగి వాణ్ణి చదివించింది. సాసు కావాలంటే గిన్నె పట్టుకొని మా ఇంటికే వచ్చేది. చేపల వాసన తెరమీదికి పనికిరాదు కాబోలు.

2. రెండేళ్ల కిందట కెమెరాలతో దిగాడు. "పిన్నీ, నాలుగు రోజులకు ఆ జాడీ ఇవ్వు. షూటింగ్ కాగానే నేనే మోసుకొచ్చి పెడతా" అన్నాడు.

"కలం కంటే బరువైనది ఎప్పుడైనా మోశావట్రా?" అన్నాను. నవ్వాడు. ఇచ్చాను.

అది మా అత్తగారి జాడీ. ఏటా కొత్త సాసుకు పాతది తోడు వేస్తూ అరవై ఏళ్లు తెగకుండా నడిపాను. ఆ పాత సాసు ఇప్పుడు ప్లాస్టిక్ డబ్బాలో ఉన్నది. మట్టికి ఊపిరి ఉంటుంది, ప్లాస్టిక్‌కు ఉండదు. నల్ల బూజు కడుతోంది. ఈ ఏటి సాసుకని పులియబెట్టిన సోయా ముద్దలు, వేయడానికి జాడీ లేక దూలానికే వేలాడుతున్నాయి. వచ్చే నెల దాటితే మా అత్తగారి సాసు చచ్చినట్టే.

3. జాడీ మా ఇంటికి తిరిగి రాలేదు; తమరి గాజుపెట్టెలో పెట్టి "దర్శకుని తల్లి వాడినది" అని చీటీ అంటించినారు. అక్కడి గుమాస్తా "బామ్మా, మీదని రుజువేంటి?" అన్నాడు.

రుజువు ఇది. పురుగు చేరకుండా జాడీ పొట్టకు, మా పాదం చుట్టూ గీసి కత్తిరించిన కాగితపు మేజోడు తలకిందులుగా, వేళ్లు పైకి ఉండేట్టు అంటిస్తాము. పసిపిల్లలకూ తెలుసు. మీ గుమాస్తా మాత్రం "ఎవరో తప్పుగా అంటించారు బామ్మా, దర్శకుడుగారే దగ్గరుండి సరిచేయించారు" అని మురిసిపోయాడు. పల్లె గుండె తెలిసిన మహారచయిత! సరిచేసిన మేజోడు వెనక పాత జిగురు మరక ఇంకా ఉన్నది. అది నా ఎడమ పాదం కొలత, చిటికెనవేలు వంకరతో సహా.

కావున వేలిముద్రకు బదులు, ఈ కాగితంపై ఆ పాదం చుట్టూ గీత గీయించి పంపుచున్నాను. మరకపై ఆనించి చూసి న్యాయం చిత్తగించవలెను. తలకిందులుగా ఆనించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు
గూ బున్‌సున్ (నిశానీ: ఎడమ పాదం)

సాక్షులు: ఊరి పెద్ద తాక్ మ్యోంగిల్ (రాసినవాడు), పొరుగింటి మో జోమ్‌నే

మరొక మాట: జాడీ తీసిన చోటు ఖాళీగా ఉంచనక్కరలేదు. తల్లి పోయిననాడు సంగ్యూ ఆమె చేపల తట్టను తగలబెట్టమన్నాడు. నేను తగలబెట్టలేదు. మా అటక మీద ఉన్నది. వాసన ఇంకా పోలేదు.